విండ్సర్‌లో తెల్ల పొగ

పోప్ రాజీనామా చేశారన్న వార్త మా పెద్దంకుల్‌కి కార్ల ప్లాంటులో లంచ్ బ్రేక్‌లో తెలిసింది. ఆ శనివారం సాయంత్రం జపమాల ముగియగానే ఆయన కూడా రాజీనామా ప్రకటించేశారు. కెనడాలోని ఈ విండ్సర్‌లో తెలుగు కతోలికులం అప్పటికి పాతికమందికి మించి లేం. ప్రతి శనివారం ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో చేరి జపమాల చెప్పుకుని, పైన వంటగదిలో అన్నాలు తిని వెళ్ళేవాళ్ళం. ఆ కూటానికి మొదటినుంచీ ఆయనే పెద్ద. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. మొదట్లో ఉన్నవి రెండు కుటుంబాలు, బేస్‌మెంట్ ఉన్నది ఆయనొక్కరికే.

మోకాళ్ళు అరిగిపోయాయనీ, పోప్ గారే దిగిపోయాక తానెంత అనీ అన్నారు. ఒప్పుకోం అని ఆంటీలందరూ ఒక్కసారిగా అందుకున్నారు. పోప్ రాజీనామాను ఎవరూ ఆమోదించనక్కర్లేదనీ, ఎవరి బలవంతమూ లేకుండా తనంతట తాను చెప్తే చాలనీ పెద్దంకుల్ ఆ వారం పేపర్లో చదివారట. అదే మా మీద ప్రయోగించారు. వందల ఏళ్ళుగా ఏ పోపూ చేయని పని వాటికన్‌లో జరిగితే, దాని అల అయిదో రోజుకి మా బేస్‌మెంట్ దాకా వచ్చింది.

పెద్దరికం అంటే పెద్ద పనేం కాదు, కానీ పనులు చాలా. రెండు మూడు నెలలకోసారి నది అవతల అమెరికాలోని డెట్రాయిట్ నుంచి ఒక తెలుగు ఫాదర్ గారిని బ్రిడ్జి దాటించి తీసుకొచ్చి పూజ పెట్టించాలి. దానికి ఇక్కడి చర్చి ఫాదర్, అంటే విచారణ గురువు దగ్గర గుడి అడగాలి. కొత్తగా దిగిన విద్యార్థులకు దుప్పట్లూ గిన్నెలూ సర్దాలి. అన్నిటికంటే ముఖ్యం, శనివారం మరియమాత స్వరూపం ముందు నిలబడి జపమాల చెప్పించాలి. పెద్ద ముందు చెప్తాడు, మిగతా అందరం వెనక అందుకుంటాం.

కాలేజీల్లోకి మనవాళ్ళు గుంపులుగా దిగడం ఊపందుకుంటున్న రోజులవి. ప్రతి టర్ముకీ ఇద్దరో ముగ్గురో కొత్త ముఖాలు, హైదరాబాద్‌లో కొన్న పలచటి జాకెట్లు తొడుక్కుని బస్‌స్టాపుల్లో వణుకుతూ కనపడేవాళ్ళు. నేను వచ్చి ఏడాదిన్నర అయింది. నాతో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండే రూమ్మేట్ కూడా గుంటూరు జిల్లా వాడే, మా ఊరికి నలభై కిలోమీటర్ల అవతల. ఈ కథ అతనిది. చెప్పుకోవాల్సిన సిగ్గు మాత్రం నాది.

అతను నాకంటే ఆరు నెలలు ముందు వచ్చాడు. ఒక పాత వ్యాను కొన్నాడు. వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, హీటర్ ముందు సీటుకే వస్తుంది. శనివారం మధ్యాహ్నం బేకరీలో షిఫ్ట్ ముగించుకుని ఆ పిండి బట్టలతోనే ఊరంతా తిరిగి మా ఆరుగురు విద్యార్థుల్నీ ఎక్కించుకునేవాడు. కూటానికి పావుగంట ముందు చేరి పెద్దంకుల్ వాకిట్లో మంచు తీసేవాడు. ఆయన మోకాళ్ళ నొప్పికి కూర్చుండిపోయిన రోజుల్లో జపమాల చెప్పించిందీ అతనే. పుస్తకం అక్కర్లేదు. దేవమాత ప్రార్థన మొత్తం, ఆ బిరుదులన్నీ ఒకదాని తర్వాత ఒకటి, తడుముకోకుండా చెప్పేవాడు. వాళ్ళ నాన్న ఉపదేశి. ఫాదర్ గారు నెలకోసారి వచ్చే ఊళ్ళో పిల్లలకు జపాలు నేర్పడం, గంట కొట్టడం, మంచాన పడ్డవాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థన చెప్పడం ఆయన పని. అప్పటికి ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాడు. ఆ ముప్పై ఏళ్ళలో ఆ ఊరి గుడి పెద్దలు నలుగురు మారారు. ఒక్కసారి కూడా ఆయన పేరు ఎవరి నోటా రాలేదు.

ఎందుకు రాలేదో నాకు వేరే చెప్పనక్కర్లేదు. మా ఊరి గుడిలోనూ అంతే. ముందు వరసలు మావి. ఊరవతల పల్లె వాళ్ళు వెనక చాప మీద. రాసి పెట్టిన రూలేం లేదు, ఎవరూ ఎవరినీ లేవమని అనరు కూడా, అయినా ఎవరి చోటు వాళ్ళకి తెలుసు. సమాధుల తోటలో మధ్యన ఒక గోడ ఉంది. మా తాతయ్య పద్దెనిమిదేళ్ళు గుడి పెద్ద. చిన్నప్పుడు ఆ గోడెందుకు అని నేను అడిగితే, గొడ్లు రాకుండా అన్నారు. నేను నమ్మాను. చాలా పెద్దయ్యేదాకా నమ్మాను, నమ్మడం సుఖంగా ఉండేది కాబట్టి.

మా పరిచయమైన కొత్తలో వాళ్ళ నాన్నతో ఫోన్లో మాట్లాడాను. మొదట నన్ను బాబూ అన్నాడు. మాటల్లో మా ఊరూ, ఇంటిపేరూ తెలిశాయి. అప్పట్నుంచీ బాబుగారూ అయ్యాను. ఇంకో సంగతి, అది ఇప్పుడు రాస్తుంటే తడుతోంది. నేను అతన్ని రా అనే పిలిచేవాణ్ణి, అందరు ఫ్రెండ్స్ పిలుచుకున్నట్టే. అతను నన్ను ఒక్కసారీ రా అనలేదు. ఒకే వంటింట్లో రెండేళ్ళు అన్నం వండుకున్నాం. ఆ రెండేళ్ళలో అది నా చెవిన పడనే లేదు.

పెద్దంకుల్ దిగిపోతానన్నాక అందరి కళ్ళూ ట్రక్కుల అంకుల్ వైపు తిరిగాయి. ఆయనకు బ్రిడ్జి మీద అటూ ఇటూ తిరిగే ట్రక్కులు ఆరు ఉండేవి, అందుకని విద్యార్థులం ఆ పేరు పెట్టుకున్నాం. చెడ్డవాడు కాదు. చేతికి ఎముక లేదు. నన్ను మొదటిసారి చూసినప్పుడు ఊరడిగారు, ఇంటిపేరడిగారు, "అయితే మనవాడివే" అని భుజం తట్టి ఆదివారం భోజనానికి రమ్మన్నారు. నా పక్కనే నిలబడ్డ రూమ్మేట్‌ని కూడా ఊరడిగారు. ఆ తర్వాత, "ఊళ్ళో ఎటువైపు?" అన్నారు. పల్లె వైపని అతను చెప్పాడు. ఆయన తల ఊపి, చదువు బాగా చదువుకో అన్నారు. ఆ ఆదివారం నేనొక్కణ్ణే వెళ్ళి కోడికూర తిని వచ్చాను. అతనికేం చెప్పానో గుర్తు లేదు. ఏదో చెప్పే ఉంటాను.

మన పద్ధతిలో అయితే ఎన్నిక అయిదు నిమిషాల పని. భోజనాల దగ్గర ఒకరు "ఆయనుంటే బాగుంటుంది" అంటారు. ఎదుటపడి కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. అందరూ తలలు ఊపుతారు. అయిపోయింది. అలా జరక్కూడదని నాకు గట్టిగా అనిపించింది. అప్పటికి నేను మంచివాణ్ణి, కనీసం నా లెక్కలో. పనంతా చేసేవాడు ఒకడు, పేరు ఇంకొకరికా అని రగిలిపోయాను. లైబ్రరీలో కూర్చుని పోప్‌ని ఎలా ఎన్నుకుంటారో మొత్తం చదివాను. తర్వాతి శనివారం లేచి నిలబడి, మన పెద్దనీ అలాగే ఎన్నుకుందాం అన్నాను.

అందరికీ సరదా పుట్టింది. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. పోప్ పోయినా, దిగిపోయినా ఆ పీఠం ఖాళీ అవుతుంది. ఎనభై ఏళ్ళు దాటని కార్డినల్స్, అంటే పోప్ తర్వాతి పెద్ద గురువులు, అంతా ఒకచోట చేరతారు. బయటి మాట లోపలికీ లోపలి మాట బయటికీ పోకుండా తలుపులు మూస్తారు. ఎవరూ నిలబడరు, ప్రచారం చేయరు. ఒక్కొక్కరూ చీటీ మీద ఒక పేరు రాస్తారు, అది కూడా దస్తూరీ ఎవరూ పోల్చుకోకుండా. ముగ్గురు లెక్కపెడతారు, మూడోవాడు పేర్లు పైకి చదువుతాడు. చదివిన చీటీలను సూదితో దారానికి గుచ్చుతారు. మూడింట రెండొంతులు ఒకరికే వస్తే అతనే పోప్, లేకపోతే మళ్ళీ రాస్తారు. చీటీలన్నీ కాల్చేస్తారు. కుదరకపోతే నల్ల పొగ, కుదిరితే తెల్ల పొగ. దిగిపోయిన పోప్ ఆ గదిలోకి అడుగు పెట్టడు.

ఎవరికి వాళ్ళు రాసుకోకూడదు అని మనకోసం ఒక రూలు నేనే కలిపాను. రహస్యం గురించి నొక్కి నొక్కి చెప్పాను. ఎవరు ఎవరికి వేశారో దేవుడికి తప్ప తెలియదు కాబట్టి మొహమాటం అక్కర్లేదన్నాను. నా ఎత్తు అదే. మొహమాటం తీసేస్తే మనుషులు మంచి పనే చేస్తారని నా నమ్మకం.

ఆ రోజు ప్లేట్లు కడుగుతుంటే పెద్దంకుల్ నా పక్కకొచ్చి నిలబడ్డారు. "దిగిపోయినోడు నోరు తెరవకూడదు. కానీ నా మనసులో ఎవడున్నాడో నీకు తెలుసుగా" అన్నారు. అందుకే కదంకుల్ ఇదంతా అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ గుర్తుంది.

రూమ్మేట్ మొదట ఒప్పుకోలేదు. మనకెందుకులే అన్నాడు. నేను వదల్లేదు. వ్యానులో ఉన్న విద్యార్థులందరి చేతా మా ఓటు నీకే అనిపించాను. రెండు మూడు రోజులు అతను ఆ మాటే ఎత్తలేదు. ఒక సాయంత్రం చపాతీ పిండి కలుపుతూ, తలెత్తకుండా అడిగాడు.

"నిజంగా వాళ్ళందరూ నన్ను ముందు నిలబడనిస్తారంటావా?"

"ఇది కెనడా రా" అన్నాను. "నా ఓటు నీకే. రాసి పెట్టుకో."

అతను నవ్వాడు. ఆ మాట అతనికి లోపల ఎక్కడ తగిలిందో నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. శనివారం సాయంత్రం ఫోన్ చేస్తానని వాళ్ళ నాన్నకు చెప్పేశాడు. మా దగ్గర శనివారం ఏడంటే అక్కడ ఆదివారం తెల్లవారి అయిదున్నర, మొదటి గంట కొట్టే వేళ. గంటకు ముందు ఫోన్ వస్తే ఆ రోజు గుడికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకోవచ్చని ఆయన అన్నాడట. మావాడిని కెనడాలో గుడి పెద్దని చేశారు అని. గుడి కాదు నాన్నా బేస్‌మెంటు అని ఇతను నవ్వుతూ సరిదిద్దాడట. తెల్ల చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కి తగిలించుకున్నాడు.

ఆ శనివారం బేస్‌మెంట్‌లో ఓటున్నవాళ్ళం పద్దెనిమిదిమందిమి. పన్నెండు రావాలి. పెద్దంకుల్ రూలు ప్రకారం పైన వంటగదిలో ఉండిపోయారు, పలావు దగ్గర. చీటీలు నేనే తయారు చేశాను. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ వెనక ఇస్త్రీ బల్ల ఒకటి వేశాం. ఒక్కొక్కరే అక్కడికి వెళ్ళి, రాసి, రెండు మడతలు పెట్టి, మరియమాత స్వరూపం ముందుకొచ్చి చీటీ పైకెత్తి చూపించి, మురుకుల స్టీలు డబ్బాలో వేయాలి. మొదట్లో పిల్లలూ పెద్దలూ నవ్వుకున్నారు. నలుగురైదుగురు వెళ్ళొచ్చాక నవ్వులు ఆగిపోయాయి. నిజంగానే ఏదో పెద్ద పని జరుగుతున్నట్టు అయింది.

నా వంతు వచ్చింది. ఫర్నేస్ వెనక ఒక్క బల్బు. చీటీ మీద నేనే రాసి ప్రింట్ తీసిన మాట, "నేను పెద్దగా ఎన్నుకొనేది" అని. దాని కింద గీత. పెన్ను పట్టుకున్నాను. అతని పేరే రాయబోయాను. నిజం. ఆ గీత మీద పెన్ను ఆనించి, వచ్చే శనివారాన్ని ఒకసారి ఊహించుకున్నాను. అతను ముందు నిలబడి ఉన్నాడు. ట్రక్కుల అంకుల్, ఆంటీలు, నేను వెనక. అతను చెప్తుంటే నేను అందుకుంటున్నాను. పెద్దంకుల్‌కి బాగోనప్పుడు ఎన్నోసార్లు అలా అందుకున్నవాణ్ణే. కానీ అది సాయం. ఇది హోదా. ఆ బొమ్మ దగ్గర నా పెన్ను ఆగిపోయింది.

ట్రక్కుల అంకుల్‌తో నాకేం పని లేదు. ఆయన దగ్గర ఉద్యోగం అడగలేదు, సిఫార్సు ఉత్తరం అడగలేదు, ఆయనంటే భయం లేదు. పైగా చూసేవాళ్ళు లేరు. ఎవరికీ తెలియదు. ఏ మొహమాటమూ లేని చోట మనుషులు మంచి పనే చేస్తారని చెప్పినవాణ్ణి నేను. మిగతావాళ్ళు అతనికి వేస్తారు, నా ఒక్క ఓటుతో పోయేదేముంది అనుకున్నాను. ట్రక్కుల అంకుల్ పేరు రాశాను. చెయ్యి వణికిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. వణకలేదు. దస్తూరీ మార్చాలన్న రూలు కూడా గుర్తుంది, అక్షరాలు కొంచెం పక్కకు వాల్చి రాశాను. మడతలు పెట్టి, దేవుని తల్లి ముందుకొచ్చి, చీటీ పైకెత్తి, డబ్బాలో వేశాను. వెనక్కి తిరిగితే తెల్ల చొక్కాలో అతను నన్ను చూసి చిన్నగా తల ఊపాడు. నేనూ ఊపాను.

లెక్కపెట్టే ముగ్గురిలో చదివేవాణ్ణి నేను. ఒక ఆంటీ చీటీలు విప్పి ఇస్తోంది. ఇంకో ఆంటీ సూదీ దారంతో, మల్లెపూలు గుచ్చిన అలవాటుతో, చకచకా గుచ్చేస్తోంది. మొదటి చీటీ ట్రక్కుల అంకుల్. రెండోదీ ఆయనే. మూడోది పాటలు పాడించే ఆంటీ. నాలుగు, అయిదు, ఆరు, మళ్ళీ ట్రక్కుల అంకుల్. వచ్చే చీటీలో ఉంటుందిలే అనుకుంటూ చదువుతున్నాను. పదో చీటీ దాటింది. పన్నెండు దాటింది. అతని పేరు లేదు. నేను వేయకపోయినా మిగతావాళ్ళు వేస్తారనుకున్నది నేనొక్కణ్ణే కాదేమోనని అప్పుడు అనుమానం వచ్చింది. వ్యానులో మాటిచ్చిన వాళ్ళు నేల చూస్తున్నారు. వాళ్ళు ఎందుకు వేయలేదో నాకు తెలియదు. నా సంగతే నాకు తెలుసు.

పదిహేడో చీటీ విప్పితే నా పేరుంది. పైకి చదివాను. గదిలో నవ్వులు లేచాయి. పద్దెనిమిదోది ట్రక్కుల అంకుల్‌ది. మొత్తం ఆయనకు పదమూడు, పాటల ఆంటీకి నాలుగు, నాకు ఒకటి.

రహస్య ఓటులో ఒక లొసుగు ఉంది, అది లైబ్రరీలో నాకు తట్టలేదు. ఎవరికి ఎన్ని వచ్చినా ఎవరు వేశారో దాచుకోవచ్చు. సున్నా వస్తే దాచుకోవడానికేం ఉండదు. పద్దెనిమిది చీటీల్లో తన పేరు ఒక్కదాంట్లోనూ లేదంటే, మాటిచ్చిన ప్రతివాడూ తప్పాడని అతనికి తెలిసిపోయినట్టే. అందులో నేనూ ఉన్నానని తెలియడానికి దస్తూరీ పోల్చుకోవాల్సిన పని లేదు.

ట్రక్కుల అంకుల్ గెలిచిన సంతోషంలో ఉన్నారు. "ఏమోయ్, రూలు పెట్టిందీ నువ్వే, నీ పేరు రాసుకుందీ నువ్వేనా?" అన్నారు. మళ్ళీ నవ్వులు. నేను రాసుకోలేదు అంటే మరి ఎవరికి రాశావన్న ప్రశ్న వస్తుంది. మెల్లగా నవ్వి ఊరుకోబోయాను. ఆ నవ్వు నా మొహం మీద ఎలా ఉండిందో తలుచుకోవాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అది నాది అంకుల్" అన్నాడు అతను, వెనక వరసలోంచి. "తను రాసుకోలేదు. నేనే రాశాను. చెప్పకూడదని తెలుసు, ఏమనుకోకండి."

నవ్వులు ఆగిపోయాయి. అతనికి ఎన్ని వచ్చాయో ఆ క్షణంలో అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. చీటీలు గుచ్చే ఆంటీ దారం చివర ముడి వేస్తూ ఆ ముడినే చూస్తూ ఉండిపోయింది. అతను నా పరువు కాపాడటానికి రూలు తప్పాడు. బదులుగా నేను లేచి నా చీటీ ఎవరికి వేశానో చెప్పి ఉండాల్సింది. కనీసం, వాణ్ణి నేను మోసం చేశానని ఒక్క మాట. అదేం చేయకుండా చీటీల దండ చేతిలోకి తీసుకుని, పదండి కాలుద్దాం అన్నాను.

పెరట్లో మంచు మోకాలి లోతు ఉంది. బార్బెక్యూ మూత తీసి చీటీల దండ అందులో వేసి అంటించాం. పొగ నల్లగానూ లేదు, తెల్లగానూ లేదు. అయినా పిల్లలు చప్పట్లు కొట్టారు. వంటగది కిటికీలోంచి పెద్దంకుల్ చూస్తూ ఉన్నారు. మనసులో ఒక పేరు పెట్టుకుని, నవ్వుతూ కిందికి దిగి వచ్చారు. విషయం తెలిశాక ట్రక్కుల అంకుల్ చెయ్యి పట్టుకుని మంచిది మంచిది అన్నారు. తర్వాత వంటగదిలో నేను గ్లాసులు తీస్తుంటే పక్కకొచ్చారు.

"వాడికి ఎన్నొచ్చినయి?"

"అది చెప్పకూడదంకుల్, రహస్యం" అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశారు. మొదటి ప్లేటు తానే వడ్డించి, మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి, బేస్‌మెంట్‌లో కుర్చీలు మడతపెడుతున్న అతని చేతికి ఇచ్చి వచ్చారు.

తిరుగు ప్రయాణంలో అతను ఒక్కొక్కరినీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళ దగ్గర దింపాడు. వెనక తలుపు బయటి నుంచి తెరవాలి కాబట్టి ప్రతిసారీ దిగి, తెరిచి, జాగ్రత్తగా పొండి జారుతుంది అని చెప్పి మళ్ళీ ఎక్కాడు. చివరికి మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మేమిద్దరమే మిగిలాం. ఇంజన్ ఆపలేదు, హీటర్ కోసం. ఇప్పుడు అడుగుతాడు అనుకున్నాను. అడిగితే బాగుండుననుకున్నాను. తిడితే ఇంకా బాగుండేది. ఫోన్ మోగింది. ఏడు దాటిపోయింది, ఇతను చేయలేదని వాళ్ళ నాన్నే చేశాడు.

అతను ఫోన్ ఎత్తాడు. అవతలి మాట నాకు వినపడలేదు, ఇతని మాటలే వినపడ్డాయి. లేదు నాన్నా అన్నాడు. వేరే అంకుల్‌ని పెట్టారు, పెద్దాయన, మంచోడే అన్నాడు. అవతల ఏదో అడిగినట్టుంది. అద్దం మీద మంచు కరిగి జారుతోంది, దాన్నే చూస్తూ ఉన్నాడు.

"పడింది నాన్నా" అన్నాడు. "ఒకటి పడింది. మన రూమ్మేట్ వేశాడు."

నా వైపు తిరగలేదు. వాళ్ళ నాన్న మనసు నొప్పించలేక అన్నాడో, నన్ను కాపాడటం ఆ సాయంత్రానికి అలవాటై అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఇస్తా ఉండు అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. తీసుకోను అనలేకపోయాను.

"బాబుగారూ, బాగుండారా?" అన్నాడు ఆయన. "మావోడికి మీరు ఓటేశారంట గదండీ. ఇప్పుడే చెప్పాడు. మా ఊళ్ళో ఇన్నేళ్ళలో మీవాళ్ళెవరూ మా కోసం ఒక్క మాట అన్నది లేదండి. మీరు ఏకంగా పేరు రాశారు. అది చాలండి నాకు. గంట కొట్టేసి, ఇయ్యాల ఫాదర్ గారొచ్చే రోజు, పూజలో మీ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తాను."

వేయలేదండీ అని చెప్పడానికి నాకు సమయం ఉంది. ఆయన ఆగాడు, నేనేదైనా అంటానని. పక్కన అతను స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"దాందేముందండీ" అన్నాను.